పులస జాడ తీయు విధము – గంగానది నుండి ఒక పాఠము



గోదావరికి ఎర్రనీరు రాగానే సంతలో పులస కనబడును. దానినే సముద్రములో పట్టినప్పుడు విలస అందురు. జాతి ఒకటే. ఉత్తరదేశమున గంగలో ఎక్కు ఇలీష్ కూడ ఈ చేపయే. అచ్చట దాని రాకపోకలను శాస్త్రజ్ఞులు ఏ విధముగ కనిపెట్టుచున్నారో ఈ పాఠములో తెలిసికొందము. గోదావరి ఒడ్డున నున్నవారికి ఇది పరాయి ఊరి సంగతి కాదు.

పులస తిని పెరుగునది సముద్రములోను, నదులు సముద్రములో కలియు చోట్లను. గుడ్లు పెట్టు వేళకు అది వరదకు ఎదురీదుచు నదిలోనికి ఎక్కును. గంగలో పెద్ద గుంపులు వర్షకాలమున వచ్చును. జనవరి మొదలు మార్చి వరకు మరియొక చిన్న రాక కలదు. తల్లి చేప తన పరిమాణమును బట్టి కొన్ని లక్షల గుడ్లు పెట్టును. అవి సుమారు ఒక దినములో పొదుగును. పిల్లలు కొన్ని నెలలు నదిలోనే మేసి, జానెడు పొడవైనను కాకమునుపే సముద్రమునకు దిగిపోవును. పైకి పోవు తల్లిని గూర్చి అందరును మాటలాడుదురు. క్రిందికి దిగు పిల్లను లెక్కించువారు అరుదు. దారి మాత్రము ఇద్దరికిని కావలెను.

పశ్చిమ బెంగాలులో గంగపై కట్టిన ఫరక్కా బ్యారేజి 1975లో పనిచేయ నారంభించెను. దాని నిడివి రెండు కిలోమీటర్లకు మించును. అంతకు పూర్వము ఇలీష్ ప్రయాగ దాక పోయెడిది. యమునలో ఆగ్రా వరకును, ఇంకను పైకిని ఎక్కినట్లు పాత వ్రాతలలో కలదు. బ్యారేజి వచ్చిన పిమ్మట బీహారు, ఉత్తరప్రదేశ్ జాలరుల వలలలో అది అరుదైపోయెను. కలకత్తా రేవు పూడిపోకుండ హుగ్లీ పాయకు నీరు మళ్ళించుటకే ఆ కట్టడము ఉద్దేశింపబడినది. ఉద్దేశము ఏదైనను, చేపకు గోడ గోడయే.

ఐతే తప్పంతయు గోడదే అనరాదు. సన్నకన్ను వలలు, మేట వేసిన నదీముఖములు, వేసవిలో చాలని నీరు కూడ ఉన్నవి. చేప ఎక్కడ ఆగుచున్నది? గేటు వద్దనా, వల వద్దనా, లోతు లేని చోటనా? ఇది ఊహతో తేలునది కాదు. చేప వెంట పోయి చూడవలసినదే.

అందుకు సులువైన ఉపాయము గుర్తు వేయుట. బారక్‌పూరులోని కేంద్ర అంతర్దేశీయ మత్స్య పరిశోధనా సంస్థవారు ఇటీవలి సంవత్సరములలో ఫరక్కా ఎగువన ఇలీష్‌ను విడిచిపెట్టుచు, వానిలో కొన్నింటికి గుర్తులు వేసిరి. గుర్తు అనగా వెన్నురెక్క మొదట గ్రుచ్చు సన్నని ప్లాస్టిక్ పోగు. దానిపై సంఖ్య ఉండును. పశువు చెవికి బిళ్ళ వేసినంత తేలిక కాదు సుమా! పులస పొలుసు చేయి తగిలిన రాలును. నీటి నుండి తీసిన కొలది నిమిషములలో ప్రాణము పోవును. నేర్పుగల జాలరి చేయి లేనిదే ఈ పని సాగదు.

లెక్క ఇట్లుండును. ఒకటవ తేదీన విడిచిన చేప తొమ్మిదవ తేదీన 80 కిలోమీటర్ల ఎగువన పట్టుబడెననుకొనుడు. ఎనిమిది దినములలో 80 కిలోమీటర్లు, అనగా దినమునకు కనీసము 10. ‘కనీసము’ అని ఏల అనవలెననగా, అది నడుమ మడుగులలో ఆగి యుండవచ్చును, వెనుకకు మరలి తిరిగి ఎక్కి యుండవచ్చును. జాలరి సంఖ్యను, తేదీని, చోటును తెలుపనిచో ఈ శ్రమయంతయు కూరలో కలిసిపోవును.

చేప పొట్టలో చిన్న రేడియో పరికరము నుంచి ఒడ్డు నుండి వినుట మరియొక పద్ధతి. భూటాన్ కొండనదులలో మహసీర్‌ను ఇట్లు వెంబడించిరి. మహసీర్ గట్టి చేప, కోతను తట్టుకొనును. పులస సుకుమారము, పైగా ఉప్పునీటిలో రేడియో సంకేతము సాగదు.

మూడవ పద్ధతి చచ్చిన చేపతోనే జరుగును. చేప తలలో చెవిరాయి అను చిన్న ఎముకవంటి రాయి కలదు. చెట్టు మానులో వలయములవలె దానిలో పొరమీద పొర పెరుగును. సముద్రపు నీటిలో స్ట్రాన్షియం అను ధాతువు హెచ్చు, నదినీటిలో సామాన్యముగ తక్కువ. నడుమ నుండి అంచు వరకు పొరలను పరీక్షించినచో ఆ చేప ఎప్పుడు ఉప్పునీట నున్నదో, ఎప్పుడు మంచినీట నున్నదో తెలియును.

ఇట్టి జాడల ఫలమేమందురా? బంగ్లాదేశ్‌లో చేప గుడ్లు పెట్టు కాలమును గుర్తించి, ఆశ్వయుజ పూర్ణిమ ప్రాంతమున 22 దినములు ఇలీష్ వేటను నిలుపుచున్నారు. 25 సెంటీమీటర్ల లోపు పిల్లలను నవంబరు నుండి జూన్ వరకు పట్టరాదు. ఏ దినములు వల ఎత్తిపెట్టవలెనో చేప నడకయే చెప్పినది.

మన గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తియైనది. దాని స్థానమున నేటి బ్యారేజి 1982లో వచ్చినది. పులస ముఖ్యముగ దానికి దిగువ పాయలలో పట్టుబడుచున్నది. లంకలలోను, గట్ల వెంటను సేద్యము చేయువారు, వేటకు పోవువారు ఒక నోటుపుస్తకము పెట్టుకొనుడు. పులస పడినప్పుడు తేదీ, తిథి, రేవు పేరు, నీటి రంగు, పోటా పాటా, పొడవు, బరువు, గుడ్లు ఉన్నవా లేవా వ్రాయుడు. తిథిని మరువవద్దు. వానలు వెనుకబడిన తరువాత వలలో పడు వెండిరంగు చిన్నచేపలను కూడ చూడుడు. పొట్ట అంచు రంపమువలె గరుకుగా ఉండి, పై దవడ నడుమ నొక్కు ఉన్నచో అవి పులస పిల్లలు కావచ్చును. బ్రతికియున్నచో వెంటనే నీట విడువుడు. ఏ చేపకైనను వెన్నున సంఖ్యగల పోగు కనబడినచో, కోయకమునుపే సంఖ్యను, దొరికిన చోటును, వేళను వ్రాసి దగ్గరి మత్స్యశాఖ కార్యాలయమున తెలియజేయుడు. పోగును కూడ అచ్చటనే అందజేయుడు.