నాలుగు తీగెలతో నాడి పరీక్ష

కంప్యూటర్లు, టెలిఫోన్లు, వైద్య పరికరాలు, వీటిలో దేనిని విప్పి చూచినా లోపల ఒక ఆకుపచ్చని ఫలకం కనిపిస్తుంది. దానిపై చిప్పులు, వాటిని కలుపుతూ సన్నని రాగి దారులు ఉంటాయి. ఒక్క టంకపు అతుకు సరిగా పట్టకపోయినా ఫలకమంతా నిరుపయోగమే. పూర్వం ఈ అతుకులను పరీక్షించడానికి వందలాది స్ప్రింగు సూదులు గల పీఠంపై ఫలకాన్ని అదిమి, ఒక్కొక్క బిందువును తాకి చూచేవారు. చిప్పుల కాళ్ళు సన్నబడి, ఆపై కాళ్ళకు మారుగా చిప్పు అడుగున టంకపు గుండ్లు వచ్చి చేరేసరికి సూది మోపడానికి చోటే లేకపోయింది.

ఈ చిక్కును విప్పడానికి 1985లో ఐరోపాలోని కొన్ని ఎలక్ట్రానిక్స్ సంస్థల ఇంజనీర్లు ఒక బృందంగా ఏర్పడ్డారు. జేట్యాగ్ అన్న పేరు ఆ బృందానిదే. వారి కృషి 1990లో ఐ.ట్రిపుల్.ఇ. 1149.1 అన్న ప్రమాణంగా వెలువడింది. ఇందులోని ఊహ సరళమైనది. బయటి నుండి తాకలేని కాలిని చిప్పు లోపలి నుండే తాకాలి. ప్రతి కాలి వెనుక ఒక చిన్న గడిని అమర్చి, ఆ గడులన్నింటినీ పూసల దండవలె గుచ్చుతారు. ఒక చిప్పు గడిలో 1 ఉంచి, రాగి దారికి ఆవలి కొసనున్న చిప్పు గడిలో ఏమి చేరిందో చదివితే అతుకు సంగతి తేలిపోతుంది. దీనినే బౌండరీ స్కాన్ అంటారు.

దండలోనికి అంకెలు పోవడానికి టి.డి.ఐ., రావడానికి టి.డి.ఓ., తాళం వేయడానికి టి.సి.కె., ఆజ్ఞా మార్గం మార్చడానికి టి.ఎమ్.ఎస్., ఈ నాలుగు తీగెలు చాలు. వీటిని కంప్యూటరుతో కలిపే చిన్న పెట్టెను ఇంటర్‌ఫేస్ అంటారు. 1990లలో ఇది సాధారణంగా ప్రింటరు తగిలించే పోర్టుకు తగిలేది. ఆ తరువాత యు.ఎస్.బి.కి మారింది. 5 వోల్టులతో నడచే ఫలకాలూ ఉన్నాయి, 1.8 వోల్టులతో నడచేవీ ఉన్నాయి. అందుచేత మంచి పెట్టె ముందుగా ఫలకం నుండే వోల్టేజిని గ్రహించి, తన సంకేతాలను దానికి తగినట్లు దిద్దుకుంటుంది.

చాలామంది ఈ పెట్టెను కేవలం ఒక తీగెగానే చూస్తారు. తగాదా అక్కడే మొదలవుతుంది. టి.సి.కె. అంచు పదునుగా ఉండి, తీగె పొడవుగా ఉంటే, సంకేతం కొసలో తగిలి వెనుదిరిగి అలలు రేపుతుంది. ఒక్క తాళాన్ని చిప్పు రెండుగా లెక్కిస్తుంది. దండలోని అంకెలన్నీ ఒక గడి పక్కకు జరుగుతాయి. అతుకులు చక్కగా ఉన్నా ఫలితం తప్పుల తడకగా వస్తుంది. అంతకంటె ప్రమాదకరంగా, రెండు చిప్పులు ఒకే దారిపై ఒకటి 1, మరొకటి 0 నెట్టుతూ ఒకదానితో ఒకటి పెనుగులాడవచ్చు. తాళం వేగం తగ్గించినా ఈ దోషం పోదు, దోషం ఉన్నది అంచులో కనుక. పెట్టె వద్ద వరుసలో ఒక చిన్న రెసిస్టరు, ప్రతి సంకేతపు తీగె పక్కన ఒక భూమి తీగె, వీలైనంత పొట్టి కేబులు, ఇవే మందు.

రెండవ దోషం వేరు. తాళం దిగే అంచున టి.డి.ఓ. మారుతుంది, ఎక్కే అంచున పెట్టె దానిని చదువుతుంది. 10 మెగాహెర్ట్జుల వద్ద నడుమ వ్యవధి 50 నానోసెకన్లు మాత్రమే. రెండు మీటర్ల కేబులులో పోయి రావడానికే సుమారు 20 ఖర్చవుతాయి. చిప్పుల జాప్యం దానికి అదనం. ఇది మాత్రం వేగం తగ్గిస్తే కుదుటపడుతుంది. ఏ దోషమో గుర్తించడానికి ఇంతకంటె సులువైన పరీక్ష లేదు.

రసాయనశాలలో నమూనా వేయకుండా కారకాలను మాత్రమే పరీక్షించే 'బ్లాంక్' ప్రయోగం ఉన్నట్లే, ఇక్కడా ఒక ఏర్పాటు ఉంది. టి.ఎమ్.ఎస్.ను 1గా ఉంచి ఐదు తాళాలు వేస్తే చిప్పు ఏ స్థితిలో ఉన్నా తొలి స్థితికి వస్తుంది. తరువాత ఆజ్ఞా రిజిస్టరును చదివితే ప్రతి చిప్పు నుండి ముందుగా 1, ఆ వెంటనే 0 రావాలి. అన్నీ 0లో, అన్నీ 1లో వస్తే తీగెనో దండనో సరిచూచుకోవాలి. అతుకులను గురించి అప్పుడే ఏమీ చెప్పరాదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, తప్పుడు తీర్పుకు మూల్యం ఫలకమే చెల్లిస్తుంది. చిప్పును ఊడదీసి మరల అతికించాలంటే టంకం కరగాలి. పాత తగరం-సీసం మిశ్రమం 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగేది. 2006 జూలైలో ఐరోపా నియమం అమలులోకి వచ్చాక వ్యాపించిన సీసరహిత టంకం సుమారు 217 వద్ద కరుగుతుంది. వేడి చేసిన ప్రతిసారీ రాగి, తగరం కలిసే చోట పెళుసైన పొర మందమవుతుంది. మంచి అతుకును అనుమానించి మరమ్మతు చేయడమంటే దానిని బలహీనపరచడమే.

ఈ పద్ధతికి అందనివీ ఉన్నాయి. కెపాసిటరు గుండా పోయే అతివేగ సంకేతాలలో నిలకడ 1, 0లు దాటవు. వాటికోసం 2003లో 1149.6 అన్న ప్రమాణం వచ్చింది. అందులోనూ ఫలకాన్ని చేరేవి అవే నాలుగు తీగెలు. మార్పంతా చిప్పు లోపలి గడులలోనే.