తుమ్మెదకు పూవు - చేనికి గింజ



దుక్కి, ఎరువు, నీరు సమకూర్చినంతనే పైరునకు సర్వము చేసితిమని మనము తలచుచుందుము. కాని పుప్పొడిని పూవునుండి పూవునకు చేర్చు కీటకముల సేవ లేనిదే అనేక పంటలందు కాయగాని గింజగాని పట్టదు. ఈ సేవకు మనము కూలి యిచ్చుట లేదు గనుక దాని విలువ తెలియదు. అది కొరవడిననాడు ఏమగునో న్యూజిలాండు, ఇంగ్లండు దేశముల వృత్తాంతమువలన తెలిసికొందము.

శీతలదేశములందు బంబుల్‌బీ అను నొక తేనెటీగ జాతి గలదు. దాని ఒడలెల్ల దట్టమైన నూగు. అది మన తుమ్మెదవలెనే ఝుంకారము చేయును. వీనిలో నాలుక పొడవైన రకములు పశువుల మేతకై పెంచు ఎర్రక్లోవరు పూల లోతైన గొట్టములనుండి తేనె త్రాగగలవు. చార్లెస్ డార్విన్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు 100 ఎర్రక్లోవరు పూగుత్తులను కీటకములకు విడిచి చూడగా 2,700 గింజలు పట్టినవి. అన్నియే గుత్తులను కీటకములు చొరకుండ కాపాడగా ఒక్క గింజయైనను పట్టలేదు.

ఇంగ్లండునుండి వలసపోయిన రైతులు న్యూజిలాండులో ఈ ఎర్రక్లోవరును విత్తిరి. మేత ఏపుగా పెరిగెను గాని విత్తనము సరిగా పట్టదయ్యెను. తుదకు 1885లో శీతకాలపు నిద్రలోనున్న బంబుల్‌బీ రాణులను ఓడలో చల్లనిచోట నుంచి తెచ్చి విడిచిరి. అవి నిలద్రొక్కుకొనిన పిమ్మట విత్తనము దండిగా పండెను.

తల్లిదేశమున కథ వేరుగా నడచెను. 1930 ప్రాంతమునుండి ఇంగ్లండు, వేల్సు సీమలలో పూలతో నిండిన పచ్చికబయళ్లు నూటికి 97 వంతులు నశించినవి. పూలు పోగా వానిని నమ్ముకొనిన జీవులును తగ్గిపోయినవి. పొట్టిరోమముల బంబుల్‌బీ అను జాతి అచ్చట కడపటిసారి 1988లో కానవచ్చెను. 2000లో అది అంతరించినట్లు ప్రకటించిరి. 2012లో స్వీడనునుండి రాణులను తెచ్చి కెంటు మండలములోని డంజెనెస్ వద్ద విడిచిరి. చుట్టుపట్ల రైతులు పొలములందు పూలపట్టెలు పెంచిరి. తెచ్చిన జాతి స్థిరపడలేదు. కాని ఆ పూలకొరకు ఇతరములైన అరుదు జాతులు ఆ ప్రాంతమునకు మరల వచ్చినవి. పోయినదానిని తిరిగి తెచ్చుటకంటె ఉన్నదానికి మేత పెట్టుట సులభమని ఇందువలన గ్రహింపవలెను.

బంబుల్‌బీ తన గూటిలో కొలదిదినములకు చాలినంత తేనెను మాత్రమే నిలువచేయును. కావున వసంతమున రాణి మేల్కొనినది మొదలు శరత్కాలమువరకు ఏదో యొక పూవు అందుబాటులో నుండవలెను. అందుచే అచ్చటి గృహస్థులు పెరటిలో క్లోవరు, ఫాక్స్‌గ్లవ్, లావెండరు మొదలగు మొక్కలను ఒకదాని వెంట నొకటి పూయునట్లు పెంచుచున్నారు.

మన మైదానములందు బంబుల్‌బీలు లేవు. మన దేశమున అవి హిమాలయాది శీతల పర్వతములందు గలవు. కాని వాని బంధువగు నల్లతుమ్మెద మన పొలములందు గలదు. వంగ, టమాటా పూలలో పుప్పొడి సన్నని గొట్టములలో బిగిసియుండును. తుమ్మెద ఆ పూవును పట్టుకొని తన కండరములను అదరించి పుప్పొడిని రాల్చును. జనుము పైరునకు విత్తనము పట్టుటకును ఇది మిక్కిలి తోడ్పడును. కావున ఈ క్రింది పనులను చేయదగును.

1. గట్లమీది తంగేడు, తుమ్మి మొక్కలను సమూలముగ పెరికివేయకుడు. పెరటిలో తులసిని, మునగను పెంచుడు. జనుమును కొంత పూతకు విడువుడు. పైర్లు పూయని నెలలందు మీ చేలచుట్టు ఏమి పూయుచున్నదో చూచి, లోటున్నచోట నాటుడు.

2. ముద్దపూలకంటె రేకపూలు మేలు. ముద్దపూలలో తేనెయు పుప్పొడియు మిక్కిలి తక్కువ.

3. ఎండిన వెదురుబొంగులను, పాతకొయ్యలను కొన్నింటిని ఒక మూల నుంచుడు. నల్లతుమ్మెద వానిని తొలిచి గూడు పెట్టును.

4. పూతమీద పురుగుమందు చల్లకుడు. తప్పనిసరియైనచో ప్రొద్దుగ్రుంకి కీటకములు తిరుగుట మానిన పిమ్మట చల్లుడు.

తుమ్మెద సరిహద్దురాయి నెరుగదు. ఒకరు పూలు పెంచి, పొరుగువారు పూతలో మందు చల్లినచో ఇరువురికిని నష్టమే. ఇది ఒంటరిగ సాగు పని కాదు. సహకారమునకు తగిన పని. రాబోవు సంఘసమావేశమున ఏ సభ్యుడు ఏ గట్టును పూలకు విడువగలడో మాటలాడుకొని నిర్ణయించుకొనుడు. దీనికి పెట్టుబడి గుప్పెడు విత్తనములు మాత్రమే.