రాజ్యాంగానికి అర్థం చెప్పేది ఎవరు?



"కోర్టు చెప్పేసింది, ఇక అంతే" అని మనం తరచుగా అంటుంటాం. నిజంగా అంతేనా? ఇది పోటీ పరీక్షల కోసం మాత్రమే చదవాల్సిన పాఠం కాదు. మన కాలేజీ సీటు వెనుక ఉన్న కథ కూడా ఇదే.

1951లో జరిగింది

అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. అక్కడి కమ్యూనల్ జీవో ప్రకారం ప్రతి 14 సీట్లలో 2 సీట్లు దళితులకు దక్కేవి. చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు 1951 ఏప్రిల్ 9న ఆ జీవోను కొట్టివేసింది. కులం కారణంగా కాలేజీలో ప్రవేశం నిరాకరించరాదని 29(2) అధికరణం చెబుతోంది కదా అన్నది కోర్టు. బలహీన వర్గాల చదువును ప్రోత్సహించాలనే 46వ అధికరణం ఆదేశిక సూత్రమే కనుక ప్రాథమిక హక్కును దాటలేదని కూడా చెప్పింది. ఉద్యోగాలకు 16(4) ఉంది గాని, చదువుకు అలాంటి క్లాజు అప్పట్లో లేదు.

ఉన్న వాక్యానికి కోర్టు అర్థం చెప్పగలదు. కొత్త వాక్యం చేర్చే అధికారం పార్లమెంటుది. డాక్టర్ అంబేద్కర్ న్యాయశాఖ మంత్రిగా ఉండగా, 1951 జూన్ 18న మొదటి సవరణ ద్వారా 15(4) వచ్చింది. పది వారాల్లోనే దారి మళ్ళీ తెరుచుకుంది.

పార్లమెంటుకూ హద్దుంది

మరి పార్లమెంటు ఏమైనా మార్చవచ్చా? 1967లో గోలక్‌నాథ్ కేసులో, మన తెలుగువాడైన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారి ధర్మాసనం ప్రాథమిక హక్కులను తగ్గించరాదన్నది. దానికి జవాబుగా పార్లమెంటు 1971లో 24వ సవరణ తెచ్చింది. చివరకు 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తులు 7–6 తేడాతో తేల్చారు: ఏ అధికరణాన్నైనా సవరించవచ్చు, కాని రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని చెరపరాదు.

కోర్టు తననూ దిద్దుకుంటుంది

ఎస్సీలను ఉపవర్గాలుగా విభజించరాదని 2004లో ఇ.వి. చిన్నయ్య కేసులో అయిదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పి, ఆంధ్రప్రదేశ్ చట్టాన్ని కొట్టివేశారు. 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో ఏడుగురి ధర్మాసనం 6–1 తేడాతో ఆ తీర్పును పక్కన పెట్టింది. దీనిపై మన హాస్టల్లోనే రెండు అభిప్రాయాలు ఉండవచ్చు. ఒక గదిలో ఉంటూ, ఒక పళ్ళెంలో తిన్నవాళ్ళం; తీర్పు చదివి వాదించుకుందాం, పగతో కాదు.

మనం గ్రహించాల్సింది

కోర్టు తీర్పును అందరూ పాటించాలి. కాని అర్థం చెప్పే పని ఒక్కరి చేతిలోనే ఆగిపోదు. కోర్టు, పార్లమెంటు, ఆ పార్లమెంటును ఎన్నుకునే మనం, అందరం అందులో ఉన్నాం. చదవనివాడికి మాత్రం ఆ చర్చలో గొంతు ఉండదు. అందుకే ఈ సెలవుల్లో 12 నుంచి 35 వరకు అధికరణాలు ఒక్కసారైనా చదవండి. అది మన పుస్తకం.