దూరపు కొండలు: నైనితాల్ నేర్పిన చరిత్ర పాఠం

“దూరపు కొండలు నునుపు” అన్న సామెతను తరగతి గదిలో మేము ఎన్నోసార్లు విద్యార్థులకు వివరించి ఉంటాము. దాని నిజమైన అర్థం మాత్రం మాకు ఒక కొండ మీదనే బోధపడినది. ఒక వేసవి సెలవులలో సహాధ్యాపకులు ఇద్దరితో కలిసి హిమాలయ పాదాల చెంతనున్న నైనితాల్ పట్టణాన్ని చూడబోయాము. ప్రకృతి సౌందర్యాన్ని తనివితీరా చూచి రావలెనన్నదే అప్పుడు మా కోరిక. తిరిగి వచ్చేటప్పుడు మా వెంట వచ్చినది సౌందర్య స్మృతి ఒక్కటే కాదు, ఒక చరిత్ర పాఠం కూడా. దానిని మా విద్యార్థినీ విద్యార్థులతో పంచుకొనుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

రాజులు, యుద్ధాలు, సంధులు దేశచరిత్రకు సంబంధించిన విషయాలు. ఒక ఊరికి ఆ పేరెట్లా వచ్చినది, ఆ చెరువు గట్టును ఎవరు కట్టారు, ఆ మైదానం చదునుగా ఎందుకున్నది అన్నవి స్థానిక చరిత్రకు సంబంధించినవి. మొదటిది పుస్తకాలలో దొరుకుతుంది. రెండవదానికి కాళ్ళతో నడవాలి, పెద్దలను అడగాలి, రాళ్ళను చదవాలి.

ఊరు – పేరు

ఉత్తరాఖండ్ రాష్ట్రంలోని కుమావూఁ ప్రాంతంలో, సముద్రమట్టానికి సుమారు 1,940 మీటర్ల ఎత్తున నైనితాల్ సరస్సు ఉన్నది. రైలు కాఠ్‌గోదాంతో ఆగిపోతుంది. అక్కడినుండి సుమారు 35 కిలోమీటర్లు మలుపులు తిరుగుతూ బస్సు కొండనెక్కుతుంది. చివరి మలుపు దాటగానే, చుట్టూ కొండలు కాపుగాయగా, పచ్చని నీటితో సరస్సు కనబడుతుంది. దాని పొడవు సుమారు 1.4 కిలోమీటర్లు, మిక్కిలి లోతైనచోట సుమారు 27 మీటర్లు. దక్షయజ్ఞంలో ప్రాణత్యాగం చేసిన సతీదేవి నేత్రాలు పడిన చోటు ఇదేనని, అందుకే ‘నైనా’ అన్న పేరు వచ్చినదని స్థానికుల విశ్వాసం. అత్రి, పులస్త్యుడు, పులహుడు అను ముగ్గురు ఋషులు మానససరోవర జలాన్ని ఇక్కడికి రప్పించినారని మరొక కథ. అందుచేత దీనికి త్రిఋషి సరోవరమని కూడా పేరు.

బస్సు దిగినచోటు పేరు ‘తల్లీతాల్’. సరస్సుకు ఆవలి కొనను ‘మల్లీతాల్’ అంటారు. తెలుగు బోధించే మాకు తల్లియు మల్లెయు స్ఫురించి ఎంతో ముచ్చట కలిగినది. పడవవాణ్ణి అడుగగా అతడు నవ్వి, “మాస్టర్ సాహెబ్, మా కొండ భాషలో తల్లీ అంటే క్రిందిది, మల్లీ అంటే పైది. అంతే!” అన్నాడు. మన చెవికి ఇంపైన అర్థమే సత్యమనుకొనుట ఎంత సులభమో, ఆ ఊరివారిని ఒక్క మాట అడుగుట ఎంత అవసరమో మాకు ఆ క్షణాన తెలిసినది. మా చరిత్ర పాఠం అక్కడే ఆరంభమైనది.

కనుగొన్నవారెవరు?

నైనితాల్‌ను పీటర్ బ్యారన్ అను ఆంగ్లేయ వ్యాపారి కనుగొన్నాడని యాత్రికుల పుస్తకాలు చెబుతాయి. షాజహాన్‌పూర్ వద్ద చక్కెర వ్యాపారం చేసేవాడతడు. ఆయన రాకను కొందరు 1839 అనియు, కొందరు 1841 అనియు వ్రాశారు. పట్టణం మాత్రం 1841 నవంబరు 18నే తన జన్మదినంగా భావిస్తుంది. ‘పిల్‌గ్రిమ్’, అనగా యాత్రికుడు, అను మారుపేరుతో బ్యారన్ తన హిమాలయ సంచారాన్ని గ్రంథంగా వ్రాసి 1844లో ప్రకటించాడు. ఇక్కడ తాను కట్టుకొన్న ఇంటికి కూడా అదే పేరు పెట్టుకొన్నాడు.

అయితే ఒక ప్రశ్న. ఏటేటా జనం వచ్చి మ్రొక్కి పోయే సరస్సును ఒకరు క్రొత్తగా కనుగొనుట ఎట్లా సాధ్యం? కుమావూఁ 1815లో ఆంగ్లేయుల వశమైనది. అక్కడ కమిషనరుగా పనిచేసిన ట్రెయిల్ అను అధికారి అంతకు ముందే ఈ సరస్సును చూచాడనియు, ఈ పుణ్యస్థలానికి తెల్లవారి తాకిడి కలుగరాదని ఆ సంగతిని గోప్యంగా ఉంచాడనియు చెబుతారు. కొండవారు ఎరిగియు చాటలేదు, ట్రెయిల్ ఎరిగియు చెప్పలేదు. చాటి చెప్పినవాడు ‘కనుగొన్నవాడు’ అయినాడు.

ఇంకొక కథ ఉన్నది. ఆ ప్రాంతపు భూస్వామి నర్‌సింగ్ ఈ కొండలపై తనకు హక్కున్నదని వాదించాడు. బ్యారన్ మైదానం నుండి ఒక పడవను కొండపైకి మోయించి తెచ్చి, అంతవరకు పడవ ఎరుగని ఆ సరస్సులో నర్‌సింగ్‌ను షికారుకు తీసికొనిపోయాడు. నీటి నడుమకు చేరిన పిమ్మట కాగితం తీసి, హక్కు వదులుకొన్నట్లు సంతకం చేయవలసినదని, లేకున్న పడవ మునుగగలదని బెదరించాడు. ఈత రాని నర్‌సింగ్ సంతకం చేశాడు. తరువాత అతనికి అక్కడనే పట్వారీ ఉద్యోగం లభించినదని అంటారు. ఈ కథను ఆంగ్లేయులే నవ్వులాటగా చెప్పుకొనేవారు. అదే సరస్సుపై అటువంటి పడవలోనే కూర్చొని ఆ కథను తలచుకొన్నప్పుడు మాకు మాత్రం నవ్వు రాలేదు. అధికార పత్రాల వెనుక ఏ భయం దాగి ఉన్నదో పత్రం చెప్పదు.

1880 సెప్టెంబరు 18

కొద్ది కాలంలోనే పట్టణం పెరిగినది. 1862 తరువాత ఇది వాయవ్య పరగణాల ప్రభుత్వానికి వేసవి విడిది అయినది. బంగళాల కొరకు కొండలను తొలిచారు, చెట్లను కొట్టారు. సరస్సుకు ఈశాన్యాన ఉన్న షేర్-కా-దండా కొండ పలకలు పలకలుగా విడిపోయే బలహీనమైన రాతితో ఏర్పడినది. నీరు ఇంకినకొద్దీ ఆ పలకలు జారుతాయి. 1866లో ఒకసారి, 1879లో అంతకంటె పెద్దగా మరొకసారి కొండచరియ విరిగి పడినది. కొండ రెండు పర్యాయాలు హెచ్చరించినది. నిర్మాణాలు ఆగలేదు.

1880 సెప్టెంబరు 18, శనివారం. దానికి ముందు సుమారు 40 గంటలపాటు ఎడతెగని వాన. 20 నుండి 35 అంగుళాల వర్షం కురిసినదని అంచనా. ఆ ఉదయం విక్టోరియా హోటలు వెనుక చరియ విరిగి కొందరు మట్టిలో కూరుకుపోయారు. వారిని వెలికితీయుటకు అధికారులు, సైనికులు, కూలీలు పరుగున వచ్చి త్రవ్వసాగారు. మధ్యాహ్నం ఒక్కసారిగా కొండవాలు మొత్తం కదిలినది. హోటలు, దుకాణం, నైనాదేవి ఆలయం, సరస్సు ఒడ్డునున్న సభాభవనం, రక్షించబోయినవారు, రక్షణకై ఎదురుచూచినవారు, అందరూ ఆ మట్టి క్రింద సమాధి అయినారు. మరణించినవారు, కనబడకుండా పోయినవారు కలిసి 151 మంది. అందులో 108 మంది భారతీయులు, 43 మంది తెల్లవారు.

మల్లీతాల్ చెంత ఒక విశాలమైన మైదానమున్నది. ఊరివారు దానిని ‘ఫ్లాట్స్’ అంటారు. పిల్లలు బంతులాడుచుండగా, చిరుతిండ్ల బండ్లచుట్టూ యాత్రికులు గుమిగూడి ఉండగా, మేమును అక్కడ ఒక సాయంకాలమంతా గడిపాము. ఇంత నిటారు కొండల నడుమ ఇంత చదునైన నేల ఎట్లా వచ్చినదని మేము ఆలోచించనేలేదు. ఆ మైదానం అంచునే 1882లో కట్టిన జామా మసీదు ఉన్నది. అక్కడ మగ్రిబ్ నమాజు ముగించుకొని వెలుపలికి వచ్చినప్పుడు ఒక వృద్ధుడు మమ్ములను పలుకరించి, “ఎక్కడినుండి వచ్చారు బేటా?” అని అడిగారు. ఆంధ్రదేశం నుండి అని చెప్పాము. మాటల మధ్య ఆయన మైదానం వైపు చేయి చూపి, “ఆ కొండలోని కొంత భాగం ఇక్కడ పడి ఉన్నది. మనం నిలుచున్న చోటు అదే. లోపల ఉన్నవారి కొరకు మేము దువా చేస్తుంటాము. హిందువెవరో ముసల్మానెవరో ఎవరికి తెలుసు?” అన్నారు. ఉన్న చిన్న ఆటస్థలమే ఆ శిథిలాలతో ఇంత విశాలమైనదని అప్పుడు తెలిసినది. తరువాత ఆ నేలపై తేలికగా అడుగు వేయలేకపోయాము.

పేర్లు ఉన్నవారు, పేర్లు లేనివారు

మరునాడు ఊరి పై భాగాన ‘సెయింట్ జాన్ ఇన్ ది విల్డర్నెస్’ అను పాత చర్చిని చూచాము. దేవదారు చెట్ల నడుమ ప్రశాంతంగా ఉన్నదా కట్టడం. 1880 ప్రమాదంలో చనిపోయిన తెల్లవారి పేర్లు అక్కడ ఇత్తడి ఫలకంపై చెక్కి ఉన్నాయి. మృతులను స్మరించుట ఉత్తమ ధర్మం. అందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. కాని మట్టి త్రవ్వబోయి మట్టిలో కలిసిన కూలీల పేర్లు, దుకాణాలలో పనిచేసినవారి పేర్లు, నౌకర్ల పేర్లు ఎంత వెదకినను మాకు కనబడలేదు. 43 మందికి పేర్లున్నాయి. 108 మందికి ఉన్నది ఒక సంఖ్య. చరిత్రలో మన విద్యార్థులు చేయవలసిన పని ఎంత మిగిలి ఉన్నదో ఈ రెండు అంకెలే చెబుతాయి.

కొండ నేర్పిన పాఠాన్ని పాలకులు కొంత గ్రహించారు. వాననీరు కొండలో ఇంకక నేరుగా సరస్సులో చేరునట్లు రాతి కాలువల వ్యవస్థను నిర్మించారు. నేటికిని ఆ ‘నాలా’లే పట్టణాన్ని కాపాడుతున్నాయి. ఆలయం 1883లో మళ్ళీ వెలసినది. షేర్-కా-దండాపై ఉన్న ప్రభుత్వ భవనం పగుళ్ళు చూపగా దానిని విడిచి, సరస్సుకు ఆవలనున్న గట్టి కొండపై 1899లో క్రొత్త భవనం పూర్తిచేశారు. వేటగాడుగా పేరుపొంది తరువాత వన్యమృగ సంరక్షకుడైన జిమ్ కార్బెట్ 1875లో ఈ ఊరిలోనే జన్మించాడు. ప్రమాదం నాటికి ఆయన అయిదేళ్ళ బాలుడు. ఆయన కుటుంబమును ఆ పిమ్మట ఆవలి కొండకే తరలినది.

స్వాతంత్ర్యానంతరం పాఠం మరుగున పడసాగినది. నాలాలలో చెత్త చేరినది, వాటి అంచులపై ఇండ్లు లేచాయి. మురికి చేరి సరస్సు అడుగున ప్రాణవాయువు కరువైపోగా, 2007 నుండి యంత్రాలతో గాలిని నీటిలోనికి పంపవలసి వచ్చినది. సరస్సుకు ఊటనిచ్చే సూఖాతాల్ పల్లం నిర్మాణాలతో కుంచించుకుపోయినది. 2018 ఆగస్టులో సరస్సు ఒడ్డునున్న దిగువ మాల్ రోడ్డులో కొంత భాగం విరిగి నీటిలో పడినది. కొండ మళ్ళీ హెచ్చరిస్తున్నది.

మన ఊళ్ళ మాట

ఇంత దూరం పోయి ఇది తెలిసికొన్న మాకు, ఇంటికి వచ్చిన తరువాత కొంత సిగ్గు కలిగినది. మదనపల్లె సమీపాన హార్స్‌లీ కొండలకు విహారయాత్రగా మన విద్యార్థులెందరో పోయి ఉంటారు. కడప కలెక్టరు హార్స్‌లీ అక్కడ బంగళా కట్టుకొన్నందున ఆ పేరు. అంతకు పూర్వం దానిపేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల నడుమ తిరిగిన మల్లమ్మ అను బాలిక కథ అక్కడివారి నోట నేటికిని నిలిచి ఉన్నది. నైనితాల్‌లో బ్యారన్‌ను ప్రశ్నించిన మేము, మన కొండకు రెండు పేర్లున్న సంగతిని ఏ తరగతిలోను చెప్పలేదు.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు గట్టున 1369 నాటి విజయనగర కాలపు శాసనమున్నది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలను, కలుగగూడని ఆరు దోషాలను అది వివరిస్తుంది. రోజుకు వేయిమంది కూలీలు పనిచేయగా రెండేళ్ళలో చెరువు పూర్తయినదని చెబుతుంది. నీటిని ఎట్లా కాపాడుకోవలెనో మన పెద్దలు రాతిపై వ్రాసి మనకిచ్చారు. చదువవలసిన బాధ్యత మనది. ఆ వేయిమంది పేర్లు కూడా శాసనంలో లేవన్న సంగతిని విద్యార్థులు మరువరాదు.

కనుక ప్రియ విద్యార్థులారా, వచ్చే సెలవులలో ఒక నోటు పుస్తకం తీసికొని మీ ఊరిలోనే తిరగండి. ఈ ఊరికి ఇంతకు ముందు వేరే పేరున్నదా? చెరువు నిండితే నీరు ఏ దారిని పోయేది, ఆ దారిలో నేడేమున్నది? దర్గా గోడపైనను, గుడి మండపంలోను, పాత బావి రాతిపైనను ఏమి వ్రాసి ఉన్నది? ఎవరి పేరు ఉన్నది, ఎవరి పేరు లేదు? ఈ ప్రశ్నలను మీ అమ్మమ్మలను, నానీలను, ఊరి పెద్దలను అడిగి, వారు చెప్పినది తేదీతో వ్రాసుకోండి. విన్నదానిని విన్నట్లుగాను, రాతిపై చూచినదానిని చూచినట్లుగాను వేరువేరుగా వ్రాయండి. మంచి వ్యాసాలను వచ్చే సంచికలో ప్రకటించుటకు కళాశాల కమిటీ పెద్దలు ప్రోత్సాహమివ్వగలరని మా విన్నపం.

దూరపు కొండలు నునుపు. దగ్గరకు పోతే వాటిపై పగుళ్ళు, కాలువలు, సమాధులు కనబడతాయి. అట్లా కనబడినంత మాత్రాన వాటి అందం తగ్గదు. వాటిపట్ల మన బాధ్యత పెరుగుతుంది. దగ్గరగా చూచుటయే విద్య అని మేము నమ్ముతున్నాము.