ప్యాకెట్ ఎక్కడ ఆగింది?

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: లినక్స్‌లో ఒక ఈథర్‌నెట్ చిప్‌కు డ్రైవర్ రాస్తున్నాను. పింగ్ బాగానే మొదలవుతుంది, సరిగ్గా 256 ప్యాకెట్లు అందాక రిసీవ్ ఆగిపోతోంది. మాడ్యూల్ తీసి మళ్లీ లోడ్ చేస్తే మళ్లీ అదే కథ. లోపం చిప్‌లోనా, నా కోడ్‌లోనా?
- ఎంబెడెడ్ ఇంజనీర్, హైదరాబాద్

జవాబు: ముందు మీ రిసీవ్ రింగ్‌లో డిస్క్రిప్టర్లు ఎన్నో చూడండి. 256 అయితే లోపం దాదాపు మీ కోడ్‌లోనే. ప్రతి డిస్క్రిప్టర్ చిప్‌కు ఒక ఖాళీ బఫర్‌ను చూపిస్తుంది. చిప్ డీఎంఏతో అందులో ప్యాకెట్ నింపి, పని పూర్తయినట్టు స్టేటస్ బిట్ పెడుతుంది. మీ డ్రైవర్ ఆ ప్యాకెట్‌ను పైకి పంపి, అక్కడ కొత్త బఫర్ పెట్టి, టెయిల్ రిజిస్టర్‌ను ముందుకు జరపాలి. టెయిల్‌ను జరపడం మరిస్తే రింగ్ ఒక్క చుట్టుతో నిలిచిపోతుంది. ఆ తర్వాత వచ్చిన ప్యాకెట్లను బఫర్ లేక చిప్ వదిలేస్తుంది. అలా వదిలేసినవాటిని చాలా చిప్‌లు లెక్కపెడతాయి. ఆ కౌంటర్లు ఎథ్‌టూల్‌లో కనిపించేలా మీ డ్రైవర్ ఇంకా రాయకపోతే, ముందు ఆ పని చేయండి.

క్రమం కూడా ముఖ్యమే. డిస్క్రిప్టర్ రాయడం పూర్తయ్యాకే టెయిల్ రాయాలి. టెయిల్‌ను రైట్‌ఎల్‌తో రాస్తే ఆ క్రమాన్ని కెర్నెలే కాపాడుతుంది. రైట్‌ఎల్ రిలాక్స్‌డ్ వాడితే మధ్యలో బారియర్ మీరే పెట్టాలి.

ప్రశ్న: టీసీపీడంప్ నడుస్తున్నంతసేపూ పింగ్ పనిచేస్తోంది, ఆపగానే పోతోంది. ఎందుకని?
- విద్యార్థి, విజయవాడ

జవాబు: టీసీపీడంప్ మామూలుగా కార్డును ప్రామిస్క్యువస్ మోడ్‌లో పెడుతుంది. అప్పుడు చిప్ అడ్రస్ చూడకుండా అన్ని ఫ్రేములనూ తీసుకుంటుంది. అంటే మీ రింగ్, ఇంటరప్ట్ రెండూ బాగున్నాయి, తేడా అడ్రస్ ఫిల్టర్‌లో ఉంది. మ్యాక్ అడ్రస్ బైట్లు చిప్ రిజిస్టర్లలో తారుమారుగా పడ్డాయేమో చూడండి. బ్రాడ్‌కాస్ట్ ఫ్రేములు అంది, మీ మ్యాక్‌కు వచ్చేవి మాత్రమే పోతుంటే అనుమానం తీరినట్టే. ఇదంతా టీసీపీడంప్‌ను ‘పి’ ఆప్షన్‌తో నడిపి చూడాలి, అప్పుడది ప్రామిస్క్యువస్ మోడ్‌ను అడగదు.

ప్రశ్న: ట్రాఫిక్ పెరిగితే ఇంటరప్ట్‌లే ఆగిపోతున్నాయి. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: నాపి పోల్ ఫంక్షన్ చూడండి. బడ్జెట్, సాధారణంగా 64, పూర్తిగా ఖర్చయితే అదే సంఖ్య తిరిగి ఇవ్వాలి, నాపి కంప్లీట్‌ను పిలవకూడదు. తక్కువైతే మాత్రం నాపి కంప్లీట్ డన్ పిలిచి, ఆ తర్వాతే ఇంటరప్ట్‌ను తెరవాలి. ప్రాక్‌లోని ఇంటరప్ట్స్ ఫైల్‌లో లెక్క కదలకుండా, చిప్ స్టేటస్‌లో రిసీవ్ బిట్ నిలిచి ఉంటే, ఇంటరప్ట్‌ను మూసి తిరిగి తెరవలేదన్నమాట.

పాఠకులకు ఒక మనవి. చిప్ కౌంటర్, ఇంటరప్ట్ లెక్క, పోల్ లెక్క, టీసీపీడంప్: ఈ వరుసలోనే చూడండి. ఎక్కడిదాకా లెక్క పెరిగి ఏ మెట్టు దగ్గర ఆగిందో అక్కడే వెతకాలి. ఇకపై ఉత్తరాలతో పాటు ఈ నాలుగు లెక్కలూ పంపండి.