అప్పు చేసి ఏఐ కోర్సు వద్దు, ముందు ల్యాబ్ పని నేర్పించండి

వికారాబాద్, తాండూరు వైపు తల్లిదండ్రులు ఈమధ్య తరచూ అడుగుతున్నది ఒకటే: "నీట్‌లో ర్యాంకు రాలేదు సార్. అమీర్‌పేటలో హెల్త్‌కేర్ ఏఐ కోర్సు చేస్తే మావాడికి ఉద్యోగం వస్తదా?" మూడు నెలల కోర్సుతో రాదు. వేర్వేరు కంప్యూటర్లలో పడి ఉన్న రోగి వివరాలను ఒక్కచోటికి చేర్చేవాళ్లు ఆసుపత్రులకు కావాలి. ఆ పనికి దారి వేరు.

ఎందుకో మన దగ్గరే చూడండి. వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్ట మీద నిజాం కాలంలోనే క్షయ ఆసుపత్రి వెలిసింది. మామూలు క్షయకైనా ఆరు నెలలు మందులు వాడాలి. క్షయ రోగుల నమోదుకు 2012లో వచ్చిన నిక్షయ్ పోర్టల్‌లో చికిత్స వివరాలు ఎక్కుతాయి. ఎక్స్‌రే, రక్త పరీక్షలు మాత్రం చాలాసార్లు తీసినచోటే ఉండిపోతాయి. తాండూరు రోగి ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి పోతే కవర్లు, చీటీలు చంకన పెట్టుకొని పోవాల్సిందే. ఈ తిప్పలు తప్పించాలనే 2021లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలైంది. కోరినవారికి 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబర్ ఇస్తున్నారు.

నంబర్ ఇచ్చినంత మాత్రాన పని కాదు. ల్యాబ్ యంత్రం బార్‌కోడ్‌తో ఫలితం పంపితే, అది సరైన రోగి రికార్డులో చేరాలి. షుగర్ 126 మిల్లీగ్రాములు/డెసిలీటర్ అన్నా, 7 మిల్లీమోల్స్/లీటర్ అన్నా ఒకటే. యూనిట్ ఎగిరిపోయి ఉత్త 7 వస్తే డాక్టర్ ఏమనుకోవాలి? ల్యాబ్‌లో చెయ్యి తిరిగిన పిల్ల దాన్ని చూడగానే పట్టేస్తుంది. పైథాన్ కోడింగ్ ఒక్కటే బట్టీ పట్టినవాడికి అది అంతుపట్టదు.

అందుకే నా ఓటు ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ)కి, బయోమెడికల్ ఇంజినీరింగ్‌కి. మొదటిదానికి ఇంటర్‌లో బైపీసీ, రెండోదానికి ఎంపీసీ చదివినవాళ్లు వెళ్లవచ్చు. మొదట్లో జీతం తక్కువే. పని చేస్తూనే డేటాబేస్‌కు వాడే ఎస్‌క్యూఎల్, ఆసుపత్రి కంప్యూటర్ల మధ్య వివరాలు పంపే హెచ్‌ఎల్7, ఎక్స్‌రే చిత్రాలకు వాడే డైకామ్ నేర్చుకోవాలి. హెచ్‌ఎల్7లోనే కొత్తదైన ఫైర్ ప్రమాణం మొత్తం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. హాపీ ఫైర్ టెస్ట్ సర్వర్‌లో పైసా ఖర్చు లేకుండా సాధన చేయవచ్చు.

"ప్లేస్‌మెంట్ గ్యారంటీ" అన్నవాళ్లను ఫీజు వాపసు షరతు రాసిమ్మని అడగండి. పాఠం చెప్పేవారు ఏ ఆసుపత్రిలో పనిచేశారో కనుక్కోండి. దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తామంటే మాత్రం ఆ గడప తొక్కకండి. వెరిఫికేషన్‌లో దొరికిపోయేది మీ బిడ్డే.

ర్యాంకు రాలేదని పిల్లలను దెప్పడం ఇకనైనా ఆపండి. పొలం తాకట్టు పెట్టేముందు ఒకపూట వాళ్లను దగ్గర్లోని ల్యాబ్‌కు తీసుకెళ్లి, ఆ పని నచ్చిందో లేదో వాళ్లనే అడగండి.