నేలలో నిలువయుండు వేడిమి

నూతినీరు చలికాలమున వెచ్చగను, వేసవిలో చల్లగను ఉండునని మన పల్లెలలో నెరుగనివారు లేరు. గడచిన జనవరిలో ఎనిమిదవ తరగతి బాలురు తెల్లవారుజామున మన పాఠశాల నూతినుండి చేదతో నీరు తోడి, అందు థర్మామీటరు ముంచి చూచిరి. బయటి గాలి 18 డిగ్రీలు, నీరు 28 డిగ్రీలు. మే నెల సెలవులలో ఊరనున్న యిద్దరు మా కోరికపై మరల చూచిరి. గాలి 42 డిగ్రీలు, నీరు 28 డిగ్రీలే. నీరు మారలేదు, మారినది మన చుట్టునున్న గాలి మాత్రమే.

పది పదునైదు మీటర్ల లోతునకు దిగినచో ఎండకాలమని, చలికాలమని భేదము నేలకు తెలియదు. ఆయా ప్రదేశమున సంవత్సరమంతట గాలికుండు సగటు వేడిమి యెంతయో, అచటి నేలకును ఇంచుమించుగ అంతయే యుండును. పారిస్ నగరపు ఖగోళశాల క్రింద 28 మీటర్ల లోతున నేలమాళిగలు గలవు. 1783 లో రసాయనశాస్త్రజ్ఞుడగు లావోయిజరు చేయించిన థర్మామీటరు నచట నుంచిరి. ఏ ఋతువున చూచినను అది దాదాపు పండ్రెండు డిగ్రీలనే చూపుచుండెను.

ఇంగ్లండు, జర్మనీ, స్వీడన్ మొదలగు శీతలదేశములలో చలికాలమున ఇండ్లను వెచ్చపరుపకున్న మనుజులు బ్రదుకుటయే కష్టము. చిరకాలము బొగ్గును, తరువాత నూనెను, గ్యాసును మండించిరి. ఇప్పుడు క్రొత్తగా ఇండ్లవాడలు కట్టునపుడు నేలలోని వేడిమినే వాడుకొనుటకు పథకములు వేయుచున్నారు. పది పండ్రెండు డిగ్రీల నేల యిరువది డిగ్రీల గదిని వెచ్చచేయుట యెట్లని మీరడుగవచ్చును. నీరు పల్లమునుండి మెరకకు తనంతట పోదు. కాని ఏతము త్రొక్కువాడున్నచో పోవును. వేడిమియు నంతే. ఈ ఏతమునకే హీటు పంపని పేరు. రిఫ్రిజిరేటరు తనలోని వేడిమిని లాగి వెనుకవైపునకు త్రోయుట మీరు చేయిపెట్టి చూచియుందురు. ఇదియు నట్టి యంత్రమే. గడ్డకట్టకుండ మందు కలిపిన నీరు నేలలోని గొట్టములలో తిరిగి కొన్ని డిగ్రీలు వెచ్చబడి వచ్చును. యంత్రము ఆ స్వల్పపు వేడిమిని గ్రహించి యెక్కువ డిగ్రీలకెత్తి యింటి కిచ్చును. ఒక యూనిటు విద్యుచ్ఛక్తిని ఖర్చుచేసినచో మూడు నాలుగు యూనిట్ల వేడిమి యింటికి చేరును. నేలనుండి వేడిమి నిట్లు తీయుటకు స్విట్జర్లాండు ఇంజనీరగు హైన్రిఖ్ జోలీ 1912 లోనే పేటెంటు పొందెను.

ఈ వేడిమి యెక్కడిదని తరగతిలో నడుగగా, "భూగర్భమున నున్న అగ్నినుండి" యని పలువురు చెప్పిరి. పెద్దలలోను ఈ భ్రమ గలదు. లెక్క చూడుడు. భూగర్భమునుండి పైకి వచ్చు వేడిమి చదరపు మీటరునకు సుమారు 0.06 వాటు. 200 చదరపు మీటర్ల యింటి స్థలమునకు 12 వాట్లు. ఒక చిన్న ఎల్.ఈ.డి. దీపమునకు సరిపోవును. కావున కొద్ది లోతున మనము తీయునది చాలవరకు సూర్యుడు తరతరములుగా నేలలో దాచిన నిలువయే. అది ఊట కాదు, గాదె. నింపుటకంటె తీయుట యెక్కువైనచో గాదె యేమగునో రైతుబిడ్డలకు మేము చెప్పనక్కరలేదు.

ఇప్పుడు నూరిండ్ల వాడకు పథకము వేయుదము. బాగుగా కట్టిన యొక యింటికి మిక్కిలి చలిదినమున 6 కిలోవాట్ల వేడిమి కావలెననుకొనుడు. నాలుగు వంతులలో ఒక వంతు విద్యుత్తు నుండి వచ్చునేని మిగిలిన 4.5 కిలోవాట్లు నేల యియ్యవలెను. సాధారణపు రాతినేలలో బోరుబావి మీటరు లోతునకు సుమారు 50 వాట్లిచ్చును. అనగా ఇంటికి 90 మీటర్ల లోతు బోరు కావలెను. నూరిండ్లకు 9,000 మీటర్లు. లోతు లేకుండ, మీటరు రెండు మీటర్ల కందకములలో గొట్టములు పరచుట చౌక. కాని తేమనేలలో చదరపు మీటరునకు 25 వాట్ల చొప్పున 180 చదరపు మీటర్ల ఖాళీస్థలము కావలెను. నేటి చిన్న యిండ్లకు అంత పెరడెక్కడిది?

ఒక్క యిల్లు ఒంటరిగ నున్నపుడు ఈ లెక్క చాలును. నూరిండ్లు చేరియున్నపుడు చాలదు. బోర్లు కనీసము ఐదారు మీటర్ల యెడముగ నుండవలెను. అట్లున్నను, వాడ అంచున నున్న బోరునకు బయటి నేలనుండి వేడిమి చేరును గాని, నడుమనున్న దానికి నాలుగు దిక్కుల పొరుగువారే పోటీ. ఏటేట చలికాలమున తీయుచు ఏమియు తిరిగి యియ్యకున్నచో నడుమనున్న నేల క్రమముగ చల్లబడును. పంపు ఎక్కువ విద్యుత్తును మ్రింగును. కావున ఎవరి బోరు వారిదని విడువక, వాడకంతటికి ఒక్క లెక్క వేసి, వేసవిలో ఇండ్లను చల్లపరచి ఆ వేడిమిని మరల నేలలోనికి పంపు నేర్పాటుచేయుట మేలని మా యభిప్రాయము. ఇట్టిది క్రొత్త వాడలోనే సులభము. రోడ్లు వేయకమునుపే బోరు యంత్రము లోనికి పోగలదు; 35 డిగ్రీల నీటితోనే గది వెచ్చబడునట్లు నేలగచ్చు క్రింద గొట్టములు పరువవచ్చును. ఎత్తవలసిన మెట్ట తక్కువైనచో ఏతమునకు శ్రమ తక్కువ గదా.

అన్నిటికంటె ముందు నేలను పరీక్షింపవలెను. ఒక్క బోరు వేసి, అందు రెండు మూడు దినములు సమముగ వేడిమిని పంపి, నీటి డిగ్రీలెట్లు పెరుగునో చూతురు. నేల వేడిమి నెంత సులభముగ పోనిచ్చునో దీనివలన తెలియును. రాతిపొరల జాతిని గూడ తెలిసికొనవలెను. జర్మనీ నైరుతి భాగమున స్టౌఫెన్ అను ప్రాచీన పట్టణము గలదు. 2007 లో అచటి పురమందిరమును వెచ్చపరచుటకై 140 మీటర్ల లోతున ఏడు బోర్లు వేసిరి. క్రింద అన్‌హైడ్రైటు అను పొర యుండెను. నీరు తగిలినచో అది జిప్సముగ మారి యుబ్బును. బోర్ల మార్గమున నీరు ఆ పొరకు చేరెను. పట్టణపు నడిభాగము నెలకొక సెంటీమీటరు చొప్పున లేవసాగెను. 250 కి పైగా భవనములు బీటలువారెను. పిదప నీటిని తోడివేయగా వేగము తగ్గినది గాని, బీటలు పోలేదు. దోషము నేల వేడిమిది కాదు. ఆ పొరకు నీటిని చేరనిచ్చుటయే.

కెనడాలోని ఓకోటోక్స్ పట్టణమున 52 క్రొత్త యిండ్ల వాడ వేరొక మార్గము త్రొక్కెను. గరాజు కప్పులపై పెట్టిన పలకలతో వేసవి యెండను పట్టి, సుమారు 35 మీటర్ల లోతుగల 144 బోర్లలో దాచి, చలికాలమున తీసికొనిరి. ఇది 2007 లో ఆరంభమైనది. 2015-16 చలికాలమున ఇండ్లను వెచ్చచేయుటకు కావలసిన వేడిమి యంతయు ఎండనుండియే లభించెను. కాని యంత్రభాగములు పాతబడి, మార్చుటకు విడిభాగములు దొరకుట కష్టమైనందున 2024 లో దానిని విప్పివేయ నారంభించిరి. ఇండ్లు మరల గ్యాసునే ఆశ్రయించెను. వాడ కట్టునాడు ఇరువదవ యేటి మరమ్మతును గూర్చి గూడ లెక్క వ్రాయవలెనని తొమ్మిదవ తరగతి బాలిక యొకతె దీనిని విని పలికెను. ఆమెకు మేము పూర్తి మార్కులిచ్చితిమి.

సెలవులలో చేయుటకు ఒక లెక్క: పైన చెప్పిన నూరిండ్ల వాడ పొడియిసుక నేలపై నున్నదనియు, అచట మీటరునకు 25 వాట్లే లభించుననియు అనుకొనుడు. మొత్తము ఎన్ని మీటర్ల బోర్లు కావలెను? ఇండ్ల గోడలు, కప్పులు ఇంకను బాగుగ కట్టి, ఇంటికి 4 కిలోవాట్లే చాలునట్లు చేసినచో ఎన్ని మీటర్లు తగ్గును? లెక్కతో పాటు మీ యింటి నూతినీటి డిగ్రీలను గూడ వ్రాసి తెచ్చినవారిని చూచి మేము సంతోషింతుము.